ఆగుడు వేరు, ఆపుడు వేరు

వికారాబాద్ స్టేషన్ మెట్ల మీద నా చేతిలోని చాయ్ ఒక అమ్మాయి భుజానికున్న సంచి మీద పడింది. తప్పు నాదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను కానీ అప్పుడు ఒప్పుకోలేదు.

"మెట్ల నడుమ గట్ల ఆగుతరా ఎవరన్న?" అన్నాను.

ఆమె సంచి దులుపుకుని నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. "నేను ఆగలే. ముందటోళ్లు ఆపిన్రు. ఆగుడు వేరు, ఆపుడు వేరు. ఫోన్ల నుంచి తలకాయ లేపితే ఎరుకైతది."

"తెలుగు టీచరా మీరు?"

"కాదు. చాయ్ పోసినోళ్లు సారీ చెప్తరేమో అని చూస్తున్న."

నేను చెప్పలేదు. ఆమె ఇంకో క్షణం చూసి, తాండూరు ప్యాసింజర్ దిగిన జనంలో కలిసి వెళ్లిపోయింది. నేను మిగిలిన అరకప్పు చాయ్ తాగి, పొద్దున్నే ఎవరి మొహం చూశానో అని గొణుక్కుంటూ ఆఫీసు దారి పట్టాను.

ఆఫీసు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. బస్టాండ్ వెనక, టైలర్ షాపు మీద రెండు గదులు. మనుషులం ఆరుగురం, ఇన్వర్టర్ ఒకటి. యజమాని చంద్రప్ప సార్‌ది తాండూరు దాటాక కర్ణాటక అంచున ఉన్న ఊరు. మంచి మనిషి. కోపం వస్తే మాత్రం నోట కన్నడం వస్తుంది.

అరగంట తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు. "గీ బిడ్డ పేరు రెబెక్క. మన తాండూరు పిల్ల. ఇయ్యాల్టి సంది టెస్టింగ్ ఈమెనే చూస్తది. ప్రేమ్, నువ్వు రాసినయన్నీ ఈమెకు చూపియ్యి."

ఆమె భుజాన అదే సంచి. మరక ఇంకా తడిగానే ఉంది.

"ప్రేమ్‌సాగర్," అన్నాను, ఎటో చూస్తూ.

"ఎరుకే," అంది. "జర ముందుగాల్నే పరిచయమైంది."

మా పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్తాను, విసుక్కోకండి, కథంతా దాని మీదే నడుస్తుంది. ఊళ్లలో కంటి క్యాంపులు పెడతారు కదా. అక్కడ పెద్దవాళ్ల కళ్లను మంచి కెమెరాతో ఫొటో తీస్తారు. ఆ ఫొటో పట్నంలో ఉన్న కంటి డాక్టర్‌కు చేరితే, ఆయన చూసి ఆపరేషన్ కావాలో వద్దో అప్పటికప్పుడే చెప్తాడు. మధ్యలో ఉండేది నా ప్రోగ్రాం. ఇటు నుంచి తీసుకుని అటు అందిస్తుంది. అటువైపు నెమ్మదైతే ఇటువైపు కాసేపు ఆపుతుంది, తర్వాత మళ్లీ నడవమంటుంది. దాని కింద ఒక లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, పని చేస్తుంది. ఆ లైబ్రరీ పద్ధతి ఏమిటంటే, మనం ఊరికే కాపలా కూర్చోనక్కర్లేదు. ఏదైనా వస్తే అదే గంట కొడుతుంది, మనం లేచి తీసుకుంటాం. గంట మోగనంతసేపు హాయిగా నిద్రే.

నాకు ఆ పద్ధతి మహా ఇష్టం. నా స్వభావమూ అదే కాబట్టి.

సాయంత్రానికల్లా రెబెక్క నా ప్రోగ్రాంలో పదకొండు తప్పులు పట్టి బగ్‌లుగా రాసింది. మా దగ్గర ప్రతి బగ్‌కూ ఒక టికెట్, దానికో నంబరు, కింద ఎవరైనా వ్యాఖ్యలు రాసుకునే చోటు ఉంటాయి. ఆమె రాసిన మొదటి టికెట్ నంబరు 214. "ఆపి, మల్ల నడువుమంటే ఫొటో నడుస్తలేదు. 62 శాతం కాడ అట్లనే ఉంటున్నది."

కింద నేను రాశాను: "నెట్‌వర్క్ ఆగింది. కోడ్ తప్పు కాదు."

ఆమె రాసింది: "ఆగలే. ఆపింది నీ కోడే."

"అనంతగిరి గుట్టల సిగ్నల్ సంగతి మీకు తెల్వదు."

"నేను రోజూ గా గుట్టల పక్కపొంటనే వస్త సార్. సిగ్నల్ పోతది, వస్తది. మీ ఫొటో పోయింది పోయినట్టే ఉంటున్నది."

మావి పక్కపక్క బల్లలు. చేయి చాపితే తగిలేంత దూరం. నోటితో మాట్లాడుకుంటే సరిపోయేది. అయినా ఇద్దరం కీబోర్డులు విరిగిపోయేలా టికెట్‌లోనే కొట్లాడుకున్నాం. మూడు రోజుల్లో 214 కింద ముప్ఫై ఏడు వ్యాఖ్యలు చేరాయి. ప్రతిదానికీ నా ఫోన్ టింగుమనేది. అన్నం తింటుంటే టింగు, ఇంట్లో ప్రార్థనలో ఉంటే టింగు. తిక్క రేగి 214ను తర్వాత చూద్దామని హోల్డ్‌లో పెట్టేశాను. హోల్డ్‌లో ఉన్న టికెట్‌లో ఎవరేం రాసినా నా ఫోన్ మోగకుండా సెట్టింగ్ కూడా మార్చుకున్నాను. ఎంత తెలివైనవాణ్నో అనుకుని ఆ రోజు ఒక సమోసా ఎక్కువ తిన్నాను.

టికెట్‌లో గొడవ ఆగిపోయాక నోటి మాటలు మొదలయ్యాయి. ఆమె డబ్బాలో తాండూరు కందిపప్పు, నా డబ్బాలో జొన్నరొట్టె.

"మీ నవాబుపేటోళ్లు పప్పుల నీళ్లు పోసి పప్పు అంటరు. గిది తిని చూడు," అని గిన్నె నా వైపు జరిపేది.

తిని చూశాను. నిజంగానే బాగుంది. అయినా ఊరుకుంటానా. "ఉప్పు తక్కువైంది. బగ్ రాయాల్నా?"

"రాయి. హోల్డ్‌ల పెడ్త."

ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ తెలియదు. వాళ్ల నాన్న తాండూరులో బండలు పాలిష్ చేస్తాడనీ, వాళ్లమ్మ మార్త చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదనీ, ఈమె చదువుకు ఆ ఇద్దరూ పడ్డ కష్టం ఎంతో, అన్నీ ఆ పప్పు గిన్నె మీదుగానే తెలిశాయి. సాయంత్రం ఆమె రైలెక్కాక నా బైకు స్టార్ట్ చేయడానికి నాకు పది నిమిషాలు పట్టడం మొదలైంది. బైకుకు ఏ రోగమూ లేదు.

సెప్టెంబరు చివర్లో చంద్రప్ప సార్ మా ఇద్దరినీ పిలిచారు. "గుట్ట మీద సిగ్నల్ ఎంతొస్తదో చూసి రాండ్రి. మీ లడాయి గాడన్న తెగుతదేమో."

నా బైకు మీద అనంతగిరి బయల్దేరాం. ఘాట్ మలుపులో వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ముందు చక్రం కనిపించనంత వాన. మక్కకంకులు కాల్చే ఒకామె బండి మీద టార్పాలిన్ కట్టి ఉంటే దాని కిందికి దూరాం. ఆమె అడక్కుండానే రెండు కంకులకు ఉప్పూకారం, నిమ్మకాయ రాసి చెరొకటి ఇచ్చింది. మమ్మల్ని అటూ ఇటూ చూసి, "ఆలుమగలా?" అని అడిగింది.

"ఆఫీసు," అంది రెబెక్క.

"గట్లనా," అని ఆమె బొగ్గులు ఊదుకోవడంలో పడింది. నాకు మాత్రం ఆ ప్రశ్న చెవిలోనే ఉండిపోయింది.

"రెబెక్కా."

"ఊఁ."

"గామె అడిగినదానికి ఇంకో జవాబు ఉండొచ్చు గదా?"

కంకి కొరకడం ఆపింది. "సీదా అడుగు."

"నన్ను పెండ్లి చేసుకుంటవా?"

ఆమె వాన వైపు చూసింది. బుగ్గ మీద ఒక మక్కగింజ అంటుకుని ఉంది. ఈ సమయంలో చెప్పొచ్చా కూడదా అని నేను నలిగిపోతుండగా, తనే తుడుచుకుంది.

"జర ఆగు," అంది. "ఇష్టం లేక కాదు. మా అమ్మకు చెప్పకుండ నేను మాట ఇయ్య. అమ్మతోని మాట్లాడి నేనే చెప్త. అప్పటిదాక ఈ ముచ్చట తియ్యొద్దు. మల్ల మల్ల అడిగినవనుకో, వద్దనే అంట."

"అడగ. కానీ ఎప్పుడు చెప్తవ్? ఎక్కడ చెప్తవ్?"

ఆమె నవ్వింది. "మన లడాయి యాడ మొదలైందో గాడనే చెప్త."

ఆ మాటకు నేనెంత పొంగిపోయానో. మెట్ల మీద చాయ్ ఒలికిన సంగతి ఈమె కూడా అంత మురిపెంగా గుర్తుపెట్టుకుందా అనుకున్నాను. మరుసటి రోజు నుంచి పొద్దున ఎనిమిదిన్నరకల్లా స్టేషన్ మెట్ల దగ్గర హాజరు. తాండూరు ప్యాసింజర్ వచ్చేది, ఆమె దిగేది, నన్ను చూసేది. నేను నోరు తెరవను. అడగనని మాటిచ్చాను కదా.

మొదట్లో నవ్వేది. "గిక్కడ నిలవడ్డవేంది?" అనేది. "ఊకనే," అనేవాణ్ని. ఇద్దరం కలిసి ఆఫీసుకు నడిచేవాళ్లం.

అక్టోబరు నడిమికి వచ్చేసరికి ఆ నవ్వు తగ్గింది. నా కన్నా ఒక మెట్టు పైన ఆగి, నా మొహంలోకి చూసి, "ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగేది.

"ఏం లేదు. నీకేమన్న ఉన్నదా?"

"నాకేమున్నది," అని దిగి వెళ్లిపోయేది. వెనక నేను. కలిసి కాదు, వెనక.

వాళ్లమ్మ వద్దని ఉంటుంది, నా ముఖం మీద చెప్పలేక బాధపడుతోంది అనుకున్నాను. అడుగుదామంటే మాట. చెప్పదేమో అంటే భయం. రోజూ మెట్ల దగ్గర నిలబడి గంట మోగుతుందని చూస్తూ ఉన్నాను.

ఆ నెలాఖరులో మీటింగ్ జరిగింది. చంద్రప్ప సార్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ప్రేమ్, ఆ 214ల రెబెక్క ఏదో రాసింది. చూసినవా? జల్ది చెయ్యమని నేను గూడ రాసిన," అన్నారు.

కొత్తగా ఏం రాసి ఉంటుంది, ముప్ఫై ఎనిమిదో తిట్టు అయి ఉంటుంది. చూడలేదంటే ఆయనకు కన్నడం వస్తుంది. అందుకని, "చూసిన సార్. అది హోల్డ్‌లనే ఉండనియ్యుండ్రి. ఇప్పుడు దానికి నాకు టైం లేదు," అన్నాను.

ఎదురుగా కూర్చున్న రెబెక్క చేతిలోని పెన్ను కింద పడింది. తీసుకోవడానికి వంగి, చాలాసేపు లేవలేదు. లేచాక నా వైపు చూడలేదు. నాకేం తెలుసు. పెన్ను దొరకలేదేమో అనుకున్నాను.

వారం తిరగకుండా ఆమె చంద్రప్ప సార్‌కు రాజీనామా కాగితం ఇచ్చింది. పుణెలో ఉద్యోగమట. నవంబరు నడిమిలో వచ్చే శుక్రవారం ఆఖరు రోజు, ఆ తర్వాతి సోమవారం ప్రయాణం. ఈ సంగతి నాకు తను చెప్పలేదు, కింది టైలర్ చెప్పాడు. ఆ రోజు డబ్బా తెరవబుద్ధి కాలేదు. పోతే పోనీ అని కోపమూ వచ్చింది, పోతే ఎట్లా అని ఏడుపూ వచ్చింది.

ఆ శుక్రవారం పరిగిలో కంటి క్యాంపు పెట్టారు. ఒక బడిలో రెండు గదులు ఇచ్చారు. మా ఇద్దరికీ అక్కడే డ్యూటీ. నాగవ్వ అనే పెద్దావిడ కెమెరా ముందు కూర్చుని లేచి, ల్యాప్‌టాప్ పక్కనే బెంచీ మీద స్థిరపడింది. ఆమె కుడికన్ను ఫొటో 62 శాతం దాకా పోయి నిలిచింది.

"నా కన్ను పోయిందా బిడ్డా?" అని అడిగింది.

"పోతున్నదవ్వా," అంది రెబెక్క.

"యాడిదాక పోయింది?"

"సగం దాటింది."

"మరి మిగిలిన సగం కన్నుకు ఏమైంది?"

"నెట్‌వర్క్ అవ్వా," అన్నాను నేను, అలవాటుగా.

రెబెక్క నా వైపు తిరిగింది. చాలా రోజుల తర్వాత ఆమె కళ్లల్లో పాత కోపం కనిపించింది. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. "ఇయ్యాల నా ఆఖరు రోజు. పోయేముందు గీ ఒక్కటి తేల్చి పోత. జరుగు."

ల్యాప్‌టాప్ లాక్కుని, నా కోడ్‌లో ఆపమని చెప్పే లైను ఒక్కటే తీసేసి, అదే ఫొటో మళ్లీ పంపింది. ఇరవై సెకన్లలో వంద శాతం పోయింది. అదే గది, నెట్ అందించే అదే ఫోను, అదే సిగ్నల్.

"ఇప్పుడు చెప్పు. నెట్‌వర్కా?"

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె చెప్పింది చెప్పినట్టు విన్నాను. తీసేసిన లైను మళ్లీ పెట్టి, నాగవ్వ ఎడమకన్ను ఫొటో పంపి, ప్రోగ్రాం రాసుకునే లాగ్ ఇద్దరం చదివాం. ఆపాం అని ఒక లైను ఉంది. నడవమన్నాం అని ఇంకో లైను. దాని కింద ఏమీ లేదు.

"నడువుమన్నంక గంట మోగాలె గదా?" అంది.

"ఏదన్న వస్తే మోగుతది."

"వచ్చేది ముందుగాల్నే వచ్చేసి ఉంటే?"

లాగ్ పైకి జరిపి, ఆపాం అన్న లైను మళ్లీ చూశాను.

పాలవాడు వచ్చి గంట కొట్టి పాకెట్ గుమ్మంలో పెట్టి వెళ్లాడనుకోండి. అప్పుడు మనం తలుపు తీయలేదు. ఆ తర్వాత తీరిక చేసుకుని, ఇక పాలు రావచ్చు అని లోపల కూర్చుంటే మళ్లీ గంట మోగుతుందా? మోగదు. పాలు వచ్చేశాయి. గుమ్మంలోనే ఉన్నాయి. నా ప్రోగ్రాంలో జరుగుతున్నదీ అదే. ఆపేసరికే ఫొటోలో కొంత ముక్క వచ్చి లైబ్రరీ దగ్గర పడి ఉంది. దాని గంట ఎప్పుడో మోగిపోయింది. పడి ఉన్నది తీసుకుంటే తప్ప అవతలివాళ్లు మిగతాది పంపరు. గంట మోగితే తప్ప మేం తీసుకోం. ఇద్దరూ మర్యాదగా ఒకరి కోసం ఒకరు కూర్చున్నారు.

"నడువుమన్న ఎంబడే, గంట కోసం చూడకుండ, ఒక్కసారి మనమే లేచి లోపల చూడాలె," అన్నాను.

"గదే నాలుగు నెలల సంది చెప్తున్న," అంది, కానీ గొంతులో కోపం లేదు.

రెండే లైన్లు రాశాను. నడవమన్నాక టైమర్‌ను సున్నాకు పెట్టి, ప్రోగ్రాం దానంతట అదే లేచి చూసుకునేలా. ఫొటో మళ్లీ పంపాం. 62కు చేరింది. 63 అయింది. తర్వాత ఎనభై, తర్వాత వంద.

పది నిమిషాల్లో డాక్టర్ జవాబు వచ్చింది. రెండు కళ్లకూ పొర ఉంది, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. రెబెక్క అది గట్టిగా చదివి వినిపించింది. నాగవ్వ మా ఇద్దరి చేతులూ వెతికి పట్టుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, తన చేతుల్లో నొక్కి ఉంచింది. "సల్లగుండుండ్రి," అంది. ఆమెకు మేం సరిగ్గా కనిపించను కూడా కనిపించడం లేదు.

అవ్వ వెళ్లాక రెబెక్క చేయి తీసుకుంది. సంచి సర్దుకుంటూ, "ధారూర్ జాతర నడుస్తున్నది. అమ్మ డేరా వేసింది. ఆదివారం దాక గాడనే ఉంట," అంది.

"రెబెక్కా, నీ మాటే నిజం. అది ఆగలే. నేనే ఆపిన."

"జల్దే ఒప్పుకున్నవ్," అని, నవ్వబోయి మానుకుని, ధారూర్ బస్సెక్కేసింది.

శనివారం పొద్దున ఆఫీసుకు ఒక్కణ్నే వచ్చాను. ఆమె బల్ల ఖాళీగా ఉంది. కనీసం ఆమె టికెట్ మూసి పెడదామని, ఎన్నో నెలల తర్వాత 214 తెరిచాను. ముప్ఫై ఏడు దగ్గర ఆగాల్సిన వ్యాఖ్యలు నలభై ఒకటి ఉన్నాయి.

అక్టోబర్ 9, రెబెక్క: "మన లడాయి మొదలైన కాడనే చెప్త అన్న గదా. అమ్మకు చెప్పిన. అమ్మ నాయనకు చెప్పింది. ఇద్దరు సరే అన్నరు. ఆపింది నేనే, ఇప్పుడు తీస్తున్నది నేనే. ఇగ నడువు."

అక్టోబర్ 10, చంద్రప్ప: "గుడ్. ప్రేమ్, జల్ది చెయ్యి."

అక్టోబర్ 17, రెబెక్క: "చదివినవా?"

అక్టోబర్ 26, రెబెక్క: "ఇంక నడుస్తలేదు. ఈసారి గూడ నెట్‌వర్కేనా?"

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాతి రోజుల్లోనే కదా నేను మీటింగ్‌లో, చూశాను, హోల్డ్‌లోనే ఉండనీ, దానికి నాకు టైం లేదు అన్నది.

ముప్ఫై రోజులకు పైగా ఆమె మాట నా గుమ్మంలోనే ఉంది. నేను మెట్ల మీద నిలబడి గంట కోసం చెవులు రిక్కించుకున్నాను. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో నాకు తెలియలేదు. ఏడ్చాను. కాసేపటికి వచ్చిన చంద్రప్ప సార్ కంగారుపడి, నా భుజం మీదుగా స్క్రీన్ చదివారు. రెండుసార్లు చదివారు.

"ఏనప్పా ఇదు," అన్నారు, ఇదేమిటయ్యా అని. కన్నడం వచ్చేసింది. "గిది ఫొటో సంగతి కాదా? నేను గుడ్ అని రాస్తి గదా."

"ఆమె రాజీనామా ఏమైంది సార్?"

ఆయన సొరుగు తాళం తీసి, మడత విప్పని కాగితం చూపించారు. "ఇయ్యంగనే గిండ్ల వేసి తాళమేసిన. చదివితే పోనియ్యాల్సొస్తది. రేపు పోయి అడుగు. పోతా అంటే అప్పుడు చదువుత."

ఆదివారం పొద్దున రైల్లో ధారూర్ దిగాను. ఏటా నవంబరులో క్రైస్తవులంతా చేరే జాతర అది, మాదీ దానికి పోయే ఇల్లే. ఈ ఏడాది మాత్రం పనుందని వంక పెట్టి మానేశాను. చెట్ల మధ్య వందల డేరాలు, రాళ్ల పొయ్యిలు, నాలుగు దిక్కుల నుంచీ పాటలు. మార్తమ్మను వెతకడం కష్టం కాలేదు. మైకు లేకుండా అంత దూరం వినిపించే గొంతు ఆ చుట్టుపక్కల ఒకటే ఉంది.

"వందనాలమ్మా," అన్నాను.

పాట ఆపి, గరిటె పట్టుకునే నన్ను పరీక్షగా చూసింది. "వందనాలు. మెట్ల మీద నిలవడెటోనివి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మేం సరే అని చెప్పి పంపిస్తే నెల సంది ఉలకవు పలకవు. వద్దనుకుంటే వద్దని చెప్పాలె గదా కొడుకా. బిడ్డ అన్నం సరింగ తింటలేదు. కన్నోళ్లం, మాకు ఫికర్ ఉండదా?"

"అమ్మా, నేను నిన్ననే చదివిన."

"ఏం చదివినవ్?" వెనక నుంచి అడిగింది రెబెక్క. చేతిలో నీళ్ల బిందె ఉంది.

"214. హోల్డ్‌ల పెట్టి గంట బంద్ చేసుకున్న. నువ్వు రాసింది నాకు మోగనే లేదు. నేనేమో రోజూ మెట్ల మీద నిలవడి నీ మాట కోసం చూస్తున్న."

"మెట్ల మీద ఎందుకు?"

"మన లడాయి మొదలైంది గాడనే గదా. చాయ్."

ఆమె బిందె దించింది. "గది లడాయా? గది చాయ్ మరక. కడిగితే పోయింది. లడాయి అంటే 214." అని, ఏదో గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకుంది. "మరి హోల్డ్‌లనే ఉండనీ, టైం లేదు అన్నది?"

"బగ్‌ను అన్న. నిన్ను కాదు. గండ్ల నీ జవాబు ఉన్నదని ఎరుకైతే ఆ మీటింగుల నేను కుర్చీ ఎక్కి ఎగురుతుంటి."

ఆమె డేరా గుంజకు ఆనుకుని కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చున్నీతో కళ్లు తుడుచుకుంది. "నిన్న సమజైతే ఫోన్ చెయ్యకపోతివి?"

"గంట మీద నమ్మకం పోయింది రెబెక్కా. లేచి పోయి చూద్దామని వచ్చిన."

నవ్వు ఆపి నన్నే చూసింది. అట్లా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"పుణె నీకు ఇష్టమైతే పో," అన్నాను. "నేను గాడికొచ్చి ఏ మెట్లు దొరికితే గా మెట్ల మీద నిలవడ్త. కాకుంటే నీ కాయిదం చంద్రప్ప సార్ చదవనే లేదు. సొరుగుల పెట్టి తాళమేసిండు."

"ఆయన గూడ ఆపిండా," అంది. "ఇష్టముండి పోతలే. రోజూ నీ మొహం మెట్ల మీద చూడలేక, గందుకే పోతున్న. ఇయ్యాల్నే రాస్త వాళ్లకు, వస్తలేనని."

"అయింది గదా మీ పంచాయితీ," అంది మార్తమ్మ, విస్తర్లు పరుస్తూ. గరిటె పక్కన పెట్టి నా తల మీద చేయి వేసింది. బండల దుమ్ముతో తెల్లబడ్డ చెప్పులు విప్పి రెబెక్క నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు, నా వైపు చూసి ఒక్కసారి తల ఊపాడు. "కొడుకా," అంది మార్తమ్మ, "పప్పు సల్లారుతది. ముందుగాల దేవునికి వందనాలు చెప్పు. నువ్వే చెప్పు, ఈ నెల రోజుల బాకీ నీదే."

అందరం కళ్లు మూసుకున్నాం. నేను మొదలుపెట్టాను. నాగవ్వ కళ్ల కోసం వందనాలు చెప్పాను. తాళమేసిన సొరుగు కోసం, కంకులామె అడిగిన ప్రశ్న కోసం చెప్పాను. సరే అన్న ఈ అమ్మానాన్నల కోసం చెప్పాను. కోడ్ తప్పని నాలుగు నెలలు విసుగు లేకుండా చెప్పిన మనిషి కోసం చెప్పబోయాను. ఆ పేరు దగ్గరికి వచ్చాను. మాట లోపలే ఉంది. బయటికి రావడం లేదు.

అన్నం మీద ఆవిరి వాసన. మార్తమ్మ కళ్లు తెరవకుండానే గుసగుసగా అడిగింది, "అయిపోయిందా బిడ్డా? ఆపిండా?"

"ఆపలేదమ్మా. ఆగిండు," అంది రెబెక్క. ఆమె చేయి వచ్చి నా చేతి మీద పడింది. మిగిలిన ప్రార్థన తనే చెప్పింది, అందులో నా పేరు ఉంది. చివర్లో ఇద్దరం కలిసి ఆమెన్ అన్నాం.